ఎనభై రెండు

కంపెనీ ముల్లు ఎప్పుడూ సగంలోనే నిలబడేది.
చలికాలమైనా, మే నెల మిట్టమధ్యాహ్నమైనా
పంచాయితీల పెద్దమనిషి లెక్క
అటు కాదు, ఇటు కాదు.
మల్లంపల్లి దాటినంక
సుమో బానెట్ల నుంచి ఆవిరి లేచిన రోజు గూడ
సగంలోనే ఉన్నది.
తొమ్మిది మంది దిగి ఎండల నిలబడ్డరు.
కిరాయి వాపసు అడగనోళ్లు ఇద్దరే.

హెడ్డు ఫేసింగు, గాస్కెట్, లేబరు
ముప్పై ఒక్క వెయ్యి.
ఫైనాన్సోనికి రెండు కిస్తులు ఆగినయి.

"నీళ్లు పోయినంక
నీళ్లల్ల మునగాల్సిన సెన్సర్ ఉత్త గాలిల వేలాడింది.
లేనిదాన్ని అదేం కొలుస్తది?"
అన్నడు యాకస్వామి,
ఆటోనగర్ల రేకుల షెడ్డు కింద
కిరోసిన్ల చేతులు కడుక్కుంట.

పద్నాలుగు వందల యాభైకి కొత్త మీటరు తెచ్చిన.
గుండ్రటి మొకం, పొడుగు రాగి తోక,
తోక కొసకు చిటికెన వేలంత గొట్టం.
"వంచు, తిప్పు, విరవకు.
లోపలి మందు కారిపోతే ఇది ఉత్త బిళ్ల."

ఎదురుంగ చాయ్ బండి కొమ్మాలు
పత్తి వెయ్యకుండ గిన్నెడు నీళ్లు పొయ్యి మీద పెట్టిండు.
గొట్టం ముంచినం.
ముల్లు నలభై కాడ జరసేపు ఆలోచించి
తర్వాత ఆగలే.
బుడగలు పొంగినంక తొంభై ఎనిమిది.
"రెండు డిగ్రీలు కొమ్మాలు దాసుకున్నడు" అన్నడు యాకస్వామి.
ఆయన అక్కబిడ్డ రవళిక, పాలిటెక్నిక్ రెండో ఏడు,
నవ్వకుండ ఆ రెండూ నోటుబుక్కుల రాసుకున్నది.

టబ్బు పెట్టి పచ్చనీళ్లు సగం దించిండు.
థర్మోస్టాట్ డబ్బా పక్కన
ఇరవై ఏండ్లుగ ఎవరూ ముట్టని బిరడా.
మొదటి గుంజుకు రాలే.
రెండో గుంజుకు పానా జారి మణికట్టు తోలు లేచింది.
మూడోసారి బిరడాను దాని అమ్మతోని సహా తిట్టిండు,
కదిలింది.

మరకు తెల్ల టేపు మూడు సుట్లు.
"మర తిరిగే దిక్కుకే సుట్టాలె మామా"
"నువ్వు పుట్టకముందు నుంచి సుడుతున్న" అనుకుంట
విప్పి మళ్ల సుట్టిండు.
రాగి తోకను సైలెన్సర్ గొట్టానికి ఎడంగ తెచ్చి
నడుమ రెండు మెలికలు వదిలిండు.
ఇంజనన్నంక వణుకుతది,
దానికి సాగే జాగ ఉండాలె.

డాష్ బోర్డు ఎనక నా చెయ్యి పట్టలే.
యాకస్వామిది మోచేతి కాడ ఆగింది.
రవళిక గాజులు తీసి నా అరచేతిల పెట్టి
భుజం దాక లోపలికి పోయింది.
కండ్లు మూసుకున్నది.
దొరికిందని ముందు పెదవులకు తెలిసింది.

నీళ్లు పోసి, మూత తెరిచే ఉంచి, స్టార్ట్ చేసిన.
అరవై. డెబ్బై.
ముగ్గురం గా బిళ్ల ముందర
ఫలితాలు చూసే పిల్లల్లెక్క.
ఎనభై అయిదు కాడ లోపల తలుపేదో తెరుసుకొని
ముల్లు రవ్వంత ఎనక్కి వచ్చింది,
ఎనభై రెండు కాడ నిలబడ్డది.

"ముల్లును నమ్ము.
పొద్దుగాల మూత తీసి నీళ్లు సూసుడు మాత్రం మానకు.
ఇది గూడ నీళ్లల్ల ఉంటెనే నిజం చెప్తది."

మొదటి వారం నేను రోడ్డు సూసింది తక్కువ.
గూడెప్పాడ్ కాడ గొర్ల మంద మీదికి పోబోయి ఆపిన.
పదిమంది ఎక్కితే ఎనభై ఆరు,
కటాక్షాపూర్ చెరువు గాలి తగిలితే ఎనభై.
ఇన్నేండ్లు నా మోకాళ్ల ముందర
ఇంత జరుగుతుండెనా?

తాడ్వాయి పోయే ముసలవ్వ ముందు సీట్ల కూసోని
చాలాసేపు దాన్నే సూసింది.
"నీ గడియారం నడుస్తలేదు కొడుకా,
పస్రా కాడ గూడ గక్కడనే ఉండె."

నడుస్తలేదవ్వా, అన్న.
గట్లనే ఉండనీ.